జోగయ్య బడిలో ఎప్పుడూ నాలుగూ ఇరవయ్యే

శుభవార్త వచ్చేసరికి మా వారి చేతిలో గుత్తివంకాయ ఉంది. నేను సొంతంగా వండిన గుత్తివంకాయ కూరల్లో అది మూడోది. మొదటి రెండింటి ప్రస్తావన ఇక్కడ అనవసరం. ఆయన దాన్ని తొడిమ పట్టుకుని ఎత్తి, వెలుగులో తిప్పి చూసి, "ఉడికింది హైమా!" అని ఆశ్చర్యపోతున్న క్షణంలో హెడ్మాస్టరు భద్రాచలం గారు కవరు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

"గౌరీపతీ! పడిందయ్యా, పడింది!"

మా వారు వంకాయ వదిలేసి, ఒక చేత్తో కారియరునీ, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని బడి వరండాలోంచి బయటికి దూకేశారు.

"పైకప్పు కాదయ్యా, ముద్ర! ప్రభుత్వ ముద్ర!"

అప్పుడు మళ్లీ లోపలికొచ్చాం. ప్రమాదంలో ఆయన కారియరుతో పాటు నన్ను కూడా పట్టుకున్నారని నాకు ఆ రోజంతా ఎంత సంతోషమో!

మాకు పెళ్లయి అప్పటికి నెలా నాలుగు రోజులు. మా వారు కాకినాడ జగన్నాథపురంలో సవరాల జోగయ్య ధర్మ పాఠశాలలో మూడూ నాలుగూ ఐదూ తరగతుల మాస్టారు. మిగిలిన రెండు తరగతులూ హెడ్మాస్టరు గారివి. నేను రోజూ మధ్యాహ్నం కారియర్ పట్టుకుని వంతెన దాటి వెళ్తాను. వంతెన మీద గాలికి కొంగు ఎగురుతుంది. కింద పడవల మీద ఎవరో ఒకరు చేపలు వేయిస్తూ ఉంటారు. గేటు దగ్గర అరవై నలుగురు పిల్లలూ ఒక్క గొంతుతో "మాస్టారి పెళ్లికూతురొచ్చిందర్రోయ్!" అని అరుస్తారు. ఎమ్మే చదివాను గానీ, పట్టా ఇచ్చిన రోజున కూడా నాకంత గౌరవం జరగలేదు.

ఆ ఎమ్మే చరిత్రలో కావడమే ఈ కథకి మూలం. వారసత్వ ముద్ర పడితే పైకప్పు బాగుచేయిస్తారట అని ఎవరో చెప్పగా, హెడ్మాస్టరు గారు దరఖాస్తు తెచ్చారు. దానికి బడి చరిత్ర నాలుగు పేజీలు జతచెయ్యాలి. "అమ్మాయీ, ఇదే నీకు నా పెళ్లికానుక," అని ఆ నాలుగు తెల్లకాగితాలూ నా చేతిలో పెట్టారు.

చరిత్ర నిజంగానే బాగుంటుంది. పంతొమ్మిది వందల ఏడులో పడవల వ్యాపారి జోగయ్య గారు ఓడ కలాసీల పిల్లల కోసం ఈ బడి కట్టించారు. విరిగిపోయిన ఓడ తాలూకు తెరచాప కొయ్యనే తెచ్చి హాలు మధ్యలో స్తంభంగా నిలబెట్టారు. పిల్లలు ఖాళీ కడుపుతో వస్తున్నారని రోజూ పదింటికి దోసెడు శనగ గుగ్గిళ్లు పెట్టించారు. పేటలో ఇప్పటికీ దీన్ని గుగ్గిళ్ల బడి అనే అంటారు. అయితే జోగయ్య గారు వ్యాపారి కదా, పెట్టిన గుగ్గిళ్లు ఎక్కడికి పోతున్నాయో చూసుకోవాలనుకున్నారు. అందుకని బడిలో చేరిన రోజున పిల్లని కొయ్యకి ఆనించి నిలబెట్టి, తల మీదుగా కత్తితో గంటు పెట్టించేవారు. ఐదో తరగతి అయ్యాక మళ్లీ ఒక గంటు. రెండు గంట్ల మధ్య జానెడు కన్నా తక్కువ దూరం ఉంటే మాస్టారికి చీవాట్లు. ఆ గంట్లు నేటికీ పడుతూనే ఉన్నాయి.

నేను మొదటిసారి బడికి వెళ్లిన రోజున మా వారు నన్ను కూడా కొయ్యకి ఆనించి నిలబెట్టి, "బడికి కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఉందోయ్ ఈ శిక్ష," అని ఒక గంటు పెట్టారు. ఐదడుగుల ఒక అంగుళం. ఆ గంటు తలుచుకుంటూ రాసిన చరిత్ర కాబట్టి ఆఖరి వాక్యం ఇలా వచ్చింది: "ఆనాటి నుంచి నేటి వరకు ఈ బడిలో ఏదీ మారలేదు."

కొత్త పెళ్లికూతుళ్ల చేత చరిత్ర రాయించకూడదు.

హెడ్మాస్టరు గారు ఉత్తరం చదివారు. "ప్రాచీన విద్యాలయ పరిరక్షణ మండలి మీ పాఠశాలను ప్రథమశ్రేణి వారసత్వ విద్యాలయముగా ప్రకటించుటకు హర్షించుచున్నది. విశేషించి, 'ఏదీ మారలేదు' అను వాక్యము సభ్యులను ముగ్ధులను చేసినది. కావున ఇకముందు కూడ ఏదీ మారకుండునట్లు చూచుటకు మా ఉపసంరక్షణాధికారి సోమవారమున విచ్చేయగలరు."

"నా పెళ్లాం వాక్యం!" అన్నారు మా వారు, వంకాయ మళ్లీ చేతిలోకి తీసుకుని.

* * *

ఉపసంరక్షణాధికారి విశ్వంభరం గారు సోమవారం నాడు రెండు డబ్బాలు తెచ్చారు. ఒకదాన్నిండా ఆకుపచ్చ బిళ్లలు, రెండోదాన్నిండా ఎర్ర బిళ్లలు. పంతొమ్మిది వందల ఏడు కాలం నాటి వస్తువుకి ఆకుపచ్చ బిళ్ల అంటిస్తారు. తర్వాత వచ్చిన దానికి ఎర్రబిళ్ల. ఎర్రబిళ్ల పడినది వెళ్లిపోవాలి.

"ఇది ఏమి?" అన్నారు పైకి చూసి.

"ఫ్యానండి," అన్నారు హెడ్మాస్టరు గారు.

"సంస్థాపన నాడు ఉండెనా?"

"అప్పటికి కరెంటే లేదు కదండీ."

"అయిన యెడల ఇది అనంతరకాలిక చొరబాటు."

ఎర్రబిళ్ల పడింది. ట్యూబులైట్లు చొరబాటు. మంచినీళ్ల కుళాయి చొరబాటు. గోడకున్న ప్రపంచపటం దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. "ఇందలి దేశములలో పెక్కు నాటికి పుట్టలేదు," అని దానికీ ఎర్రబిళ్ల వేశారు.

"మరి భూగోళం ఎలా చెప్పమంటారండి?" అన్నారు మా వారు.

"భూగోళము నాడును ఉండెను. దానికి మండలి అభ్యంతరము లేదు."

తర్వాత పైకప్పు. అది మూలన కారుతుంది. కారే చోట ఇత్తడి గంగాళం ఉంటుంది. పాత రిజిస్టరు తిరగేస్తే, సంస్థాపన నాటి వర్షాకాలంలోనే కప్పు కారిందనీ, జోగయ్య గారు తమ ఇంటి గంగాళం పంపించారనీ రాసి ఉంది. విశ్వంభరం గారు కళ్లు మూసుకుని చేతులు జోడించారు.

"ఈ కారుడు వారసత్వము. ఈ గంగాళము దాని అనుబంధము. నియమావళి తొమ్మిదవ నిబంధన చూడుడు: వారసత్వ వస్తువును దాని అనుబంధముల నుండి వేరుచేయరాదు."

"అంటే కప్పు బాగుచెయ్యరాండి?" అన్నారు హెడ్మాస్టరు గారు. "దాని కోసమే కదండీ దరఖాస్తు పెట్టుకుంది!"

"కారుడు ఆగిన యెడల గంగాళము అనాథ యగును," అని విశ్వంభరం గారు కప్పుకి ఆకుపచ్చ బిళ్ల అంటించారు. అది వెంటనే తడిసి కింద పడింది. ఇంకోటి అంటించారు.

కొయ్య దగ్గరకు వచ్చేసరికి ఆయన మాట కూడా తగ్గించేశారు. భూతద్దంతో ఒక్కో గంటూ చూసుకుంటూ పైకి వెళ్లారు. మూడడుగులు, మూడున్నర, నాలుగు. ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డారు.

"ఐదడుగుల ఒక అంగుళము! గంటు సరికొత్తగా నున్నది. ఈ విద్యార్థిని ఏ తరగతి?"

మా వారు చెవుల దాకా ఎర్రబడ్డారు. నేను చీర కుచ్చిళ్లు చూసుకున్నాను. గుగ్గిళ్లు వండే మరిడమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "పెళ్లి తరగతండి. కొత్తగా పెట్టేరు. ఒకటే పిల్లండి, ఒకటే మేష్టారండి."

విశ్వంభరం గారు నవ్వలేదు. పట్టికలో రాసుకున్నారు: "వస్తువు ఒకటి: గంట్ల స్తంభము. స్థితి: నేటికిని వాడుకలో నున్నది." ఆ పట్టిక నకలు మాకొకటి ఇచ్చారు. దాన్ని ఎవరం చదవలేదు.

ఆఖరున జోగయ్య గారి నాటి గోడగడియారం. ఇరవై ఏళ్ల కిందట నాలుగూ ఇరవైకి ఆగిపోయింది. ఆకుపచ్చ. "ఆవరణలో దీనికి విరుద్ధమగు కాలమానము చెల్లదు," అని అందరి చేతిగడియారాలూ తీయించి మరీ వెళ్లారు.

* * *

మర్నాడు పిల్లలు తొమ్మిదింటికి వచ్చారు. బడిలో నాలుగూ ఇరవై అయింది. బడి వదిలేది నాలుగింటికి. కాబట్టి హెడ్మాస్టరు గారు రూలు ప్రకారం ఇంటి గంట కొట్టేశారు.

మూడో తరగతి నూకరత్నం చెయ్యెత్తింది. "మేం ఆలస్యంగా వచ్చినట్టాండి, పెందరాళే ఎల్తన్నట్టాండి?"

"రెండూనమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు. ఆయన అబద్ధమాడరు.

మొదటి రోజు పిల్లలకి పండగే. రెండో రోజు కూడా వచ్చి, వెంటనే వెళ్లారు. మూడో రోజు నుంచి వెళ్లడం మానేసి ప్రహరీ బయట అరుగు మీద కూర్చున్నారు. అక్కడ నాలుగూ ఇరవై కాదు కాబట్టి మా వారు అక్కడే ఎక్కాలు చెప్పసాగారు. లారీ వచ్చినప్పుడల్లా అందరూ కాళ్లు మడుచుకోవాలి. పదమూడో ఎక్కం ఒక్కటే నాలుగు లారీలు పట్టింది.

గుగ్గిళ్ల సంగతి కూడా రాసి అడిగాం. జవాబు వచ్చింది. గుగ్గిళ్ల వాసన అమూర్త వారసత్వము గనుక దానిని యథాతథముగా కొనసాగించవలెను. భుజించుట వలన నేలపై పొట్టు రాలును గనుక భుజించరాదు.

"వాసన చూపిచ్చి పంపేయమంటన్నారాండి?" అంది మరిడమ్మ. "ఆ బాబుకి ఇంట్లో ఆళ్లావిడ అలాగే పెడద్దేమో అడగండి!" అని, ఆ వేళ నుంచి లోపల వాసన ఉంచి, గిన్నె మాత్రం ప్రహరీ మీదుగా బయటికి అందించేది.

ఆ తర్వాత పదో రోజున అసలు ఉత్తర్వు వచ్చింది. మండలి లెక్క కట్టిందట. "అరవై నలుగురు విద్యార్థులనగా నూట ఇరవై ఎనిమిది పాదములు. వీని రాపిడి వలన విద్యాలయము అరిగిపోవుచున్నది. విద్యాలయములకు ప్రధాన శత్రువు విద్యార్థి అని మా అధ్యయనమున తేలినది. కావున బుధవారము నాటి ప్రారంభోత్సవమునకు ముందే వీరిని వంతెనకు ఆవలనున్న పాఠశాలలకు తరలించవలెను. వీరి స్థానమున, సంస్థాపన దినమున హాజరైన పన్నెండుగురు బాలబాలికల ప్రతిమలను పంపుచున్నాము."

ప్రతిమలు వ్యానులో వచ్చాయి. మట్టివి. చక్కగా రంగులేసి, పలకలిచ్చి కూర్చోబెట్టారు. రోజూ వాటికి హాజరు వెయ్యాలి. హెడ్మాస్టరు గారు పేరు పిలిస్తే, మండలి పంపిన సహాయకుడు తలుపు వెనకనుంచి "ప్రెజెంట్ సార్" అనాలి. రెండో రోజున ఆ సహాయకుడు జలుబు చేసి రాలేదు. పన్నెండుగురికీ గైర్హాజరు పడింది. గైర్హాజరైన ప్రతిమల తల్లిదండ్రులకు కబురు పంపమని తాఖీదు వచ్చింది. అయినా క్రమశిక్షణ విషయంలో మండలి చాలా సంతృప్తి వెలిబుచ్చింది. ప్రతిమల ముందు పన్నెండు గిన్నెల్లో గుగ్గిళ్లు పెట్టమన్నారు, చూపుకి.

మరిడమ్మ గరిటె నేలకేసి కొట్టింది. నాతో ఆవిడ వేళాకోళం లేకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే. "అమ్మగారూ, వంతెనకవతల బడంటే నాలుగు కిలోమీటర్లండి. ఎవరెల్తారండి? ఎల్లరు. ఆడపిల్లలు రొయ్యల షెడ్డుకి పోతారు, తొక్కలొలిచే పీలింగుకి. నూకరత్నం వాళ్లమ్మ అప్పుడే అక్కడ పనడిగొచ్చేసిందండి. ఏదీ మారలేదని ఎవరు రాసేరో గానండి, మాకు మాత్రం మొత్తం మారిపోయింది."

ఎవరు రాశారో ఆవిడకి తెలుసు. ఊరికే అనలేదు.

* * *

సోమవారం సాయంత్రం మా వారు పెసరట్లు వేశారు. నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఆయన వేసే పెసరట్టు మధ్యలో పలచగా, అంచుల్లో కరకరలాడుతూ వస్తుంది. ఏడుస్తూనే రెండు తిన్నాను.

"నేను ఒక్క వాక్యం తక్కువ రాసి ఉంటే సరిపోయేది," అన్నాను.

"నేను ఒక్క గంటు తక్కువ పెట్టి ఉన్నా బాగుండేది," అన్నారాయన. "పెళ్లి తరగతీ పెళ్లి తరగతీ అని పేటంతా నవ్వుతున్నారు. ఆ మహానుభావుడు దాన్ని కూడా పట్టికకెక్కించాడు."

"ఏ పట్టిక?"

"ఆ రోజు నకలిచ్చారు కదా! ఇదుగో, నీ మూడో పెసరట్టు కింద ఉంది."

పెసరట్టు తీసి చదివాను. గంట్ల స్తంభం. స్థితి: నేటికిని వాడుకలో నున్నది. దాని కింద గంగాళం, కారుడు, తొమ్మిదవ నిబంధన. నూనె మరక పడ్డ చోట అక్షరాలు ఇంకా బాగా కనిపించాయి.

"ఏవండీ! కారుడు లేకపోతే గంగాళం అనాథ కదా?"

"అంతేగా మరి."

"పిల్లలు లేకపోతే ఆ కొయ్య?"

మా వారు అట్లకాడ చేత్తో పట్టుకుని నన్ను అలా చూస్తూ ఉండిపోయారు. అట్టు మాడింది. నన్ను చూస్తూ ఆయన మాడ్చిన మొదటి అట్టు అది. దాన్ని కూడా తినేశాను.

* * *

మంగళవారం విశ్వంభరం గారు ప్రారంభోత్సవం ఏర్పాట్లు చూసుకోవడానికి వచ్చారు. నేను పట్టిక పట్టుకుని ఎదురెళ్లాను. వెనకాల హెడ్మాస్టరు గారు, మా వారు. గుమ్మంలో మరిడమ్మ. ప్రహరీ మీద అరవై నాలుగు తలలు.

"నమస్కారమండి. చిన్న సందేహం. ఈ స్తంభం నేటికీ వాడుకలో ఉందని తమరే రాశారు."

"రాసితిని. అదియే దీని విశిష్టత."

"వాడుక అంటే ఏమిటండి?"

"ప్రతి ఏటా విద్యార్థులను దీనికి ఆనించి..." అని ఆయన ఆగిపోయారు.

"అయితే విద్యార్థులు ఈ స్తంభానికి ఏమవుతారండి?"

ఆయన నియమావళి తీశారు. తొమ్మిదో నిబంధన ఒకసారి లోపల, ఒకసారి పైకి చదివారు. గంగాళం కేసి చూశారు. కొయ్య కేసి చూశారు. ఆయన ముఖం మీద భయం వస్తుందనుకున్నాను. కానీ వచ్చింది పరమానందం. ఆ క్షణంలో ఆయన మీద నాకు కొంచెం ఇష్టం కూడా కలిగింది.

"అనుబంధములు!" అని అరిచారు. "అరవై నాలుగు సజీవ అనుబంధములు! ఏ మండలికిని ఇట్టి సొత్తు లేదు! వీనిని ప్రహరీ మీద ఎండలో ఎవరు నిలిపిరి? తక్షణము లోనికి తెండు!"

పిల్లలు తెండు అనే దాకా ఆగలేదు. ప్రహరీ దూకేశారు. ఆయన ఆకుపచ్చ డబ్బా తెరిచి ఒక్కొక్కరి చొక్కాకీ బిళ్ల అంటించుకుంటూ వెళ్లారు. ఒకటి బై ఒకటి, ఒకటి బై రెండు. నూకరత్నం ఒకటి బై ముప్ఫై ఏడు. ఆ పిల్ల బిళ్లని అరచేత్తో కప్పుకుని, "దీన్ని తీసేత్తే నేను ఎల్లిపోవాలాండి?" అని అడిగింది.

"తీసినను వెళ్లరాదు," అన్నారు విశ్వంభరం గారు గంభీరంగా.

హెడ్మాస్టరు గారు ఇనుము వేడిగా ఉండగానే అందుకున్నారు. "అయ్యా, ఈ అనుబంధాలకి చెమట పడుతోందండి. రంగు మారిపోతే?"

"సంరక్షణోపకరణముగా వ్యజనము నెలకొల్పుడు." ఫ్యాను మీది ఎర్రబిళ్ల ఊడింది.

"అనుబంధాల నెత్తి మీద కప్పు కారుతోందండి."

విశ్వంభరం గారు నలిగిపోయారు. "మరి గంగాళము అనాథ..."

"అందులో శనగలు నానబోత్తానండి," అంది మరిడమ్మ. "దాన్ని నేను పెంచుకుంటానండి."

దత్తత నిబంధన నియమావళిలో లేదు. లేదు గనుక నిషేధం కూడా లేదు. కప్పు బాగుచేయడానికి ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టారు. అనుబంధములు ఆకలితో కుంచించుకుపోకుండా గుగ్గిళ్లకి కూడా పెట్టారు. పొట్టు రాలితే అనుబంధములే ఊడ్చుకొనవలెను.

పట్టికలో స్థితి అన్న గడి దగ్గర మాత్రం కలం ఆగింది. "ఇవి యథాతథముగా ఉండునా?"

"ఉండవండి, పెరుగుతాయి," అన్నారు మా వారు. "ఐదేళ్లలో జానెడు. అంతకన్నా తక్కువైతే మాస్టారికి చీవాట్లు. సంస్థాపన నాటి ఆచారమండి."

విశ్వంభరం గారు గుండ్రని అక్షరాలతో రాశారు: "స్థితి: పెరుగుచున్నవి. ఇందు మార్పు చేయరాదు."

ఇంకా మట్టి ప్రతిమలు మిగిలాయి. పంతొమ్మిది వందల ఏడులో ఇవి ఉన్నాయా అని నేనే అడిగాను. లేవు. పన్నెండు ఎర్రబిళ్లలు పడ్డాయి. వ్యాను ఎక్కుతున్నప్పుడు కూడా అవి ఏమీ అల్లరి చెయ్యలేదు.

గడియారం విషయంలో మాత్రం ఆయన మెత్తబడలేదు. పోట్లాడగా పోట్లాడగా, అనుబంధములకు ఎండపొడ తగులుటకు ఇంటి గంట సూర్యుని బట్టి కొట్టవచ్చునన్నారు. గోడ మీద మాత్రం నాలుగూ ఇరవయ్యే. హెడ్మాస్టరు గారు కొయ్య పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు.

"పిల్లలూ! రేపు పెద్దలొస్తారు. సరిగ్గా నాలుగూ ఇరవైకి మీ ఆవిష్కరణ."

"నాలుగూ ఇరవై అంటే ఎప్పుడండి?" అంది నూకరత్నం.

"పొద్దున్న తొమ్మిదింటికి. తలంట్లు పోసుకుని, పొడుగు వరసలో రండి. మీ మీద ముసుగు కప్పుతాం. తాడు లాగేదాకా ఎవరూ నవ్వకూడదు. ఎవరూ ముసుగు లోపల గుగ్గిళ్లు తినకూడదు."

ఇంటికొచ్చే దారిలో వంతెన మీద వాన మొదలైంది. మా ఇద్దరికీ ఒకే గొడుగు. చిన్న గొడుగు కొనడం ఎంత తెలివైన పనో అప్పుడు అర్థమైంది.

"రేపు పొద్దున్నే లేవాలి," అన్నారు మా వారు. "నీ పెళ్లి పట్టుచీర తీసి ఉంచు. పట్టికలో ఐదడుగుల ఒక అంగుళం కూడా ఉంది. నువ్వు అరవై అయిదో అనుబంధానివి, వరసలో ఆఖరున నిలబడాలి. తొమ్మిదో నిబంధన ప్రకారం నేను నీ పక్కన. కారియర్ కట్టకు. మరిడమ్మ గంగాళం నిండా శనగలు పోసేసింది."

"నీళ్లు పోసిందా?"

ఆయన గొడుగు అంచులోంచి వాన కేసి చూశారు.

"రేపు పొద్దుటి దాకా కప్పు పోస్తుంది."